కత్తెర చేతికియ్యరాదు

నిలబడి మాట్లాడేవాణ్ణి నిలబెట్టే పంపిస్తారు. కూర్చున్నవాడికి మంచినీళ్ళు ఇస్తారు. నీళ్ళు తాగినవాణ్ణి ఊరికే పంపడానికి మన ఇళ్ళల్లో ఎవరికీ మనసొప్పదు. అమ్మకం గురించి నాకు తెలిసిందంతా ఇంతే. మా టార్పాలిన్ల కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు ఏటా పాఠం చెప్పమని నన్ను పిలుస్తారు. నిగనిగలాడే బూట్లతో వచ్చి, దుకాణాల ముందు నిలబడి గడగడా ధరలు చెప్పి, అలాగే నిలబడి తిరిగి వచ్చే పిల్లలు వాళ్ళు. నేనైతే ఎక్కడికి పోయినా మొదట అడిగేది కుర్చీ. అడగక తప్పదు. నడక నేర్చిన కొత్తలోనే పోలియో వచ్చి నా ఎడమకాలు జొన్నకట్టెలా ఉండిపోయింది. ఆ కాలితో ఆర్మూర్ నుంచి పోచంపాడ్ దాకా, అటు వేల్పూర్ దాకా నేను ఎక్కని గడప లేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోదగ్గ పనే చేశాను. నేను దిద్దవలసింది వేరే ఉంది.

పోయిన పసుపు సీజన్‌లో భూమేష్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజుల్లో మా ఇంటి గోడలు కూడా పచ్చగా ఉంటాయి. మార్కెట్ యార్డు నుంచి గాలి వీస్తే ఆరేసిన బనీను కూడా పసుపు వాసనే వేస్తుంది. భూమేష్‌ది వేల్పూర్. చాలా ఏళ్ళు దుబాయ్‌లో పనిచేసి వచ్చి, ఇప్పుడు పసుపు పండిస్తున్నాడు.

"గుర్తు వట్టినవా అన్నా?"

"లసుమవ్వ కొడుకువు గదా. కూసో తమ్మీ."

కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. "నీ కంపెనీ కవర్ల మీదనే పసుపు ఎండవెడుతున్న. మంచిగనే ఉన్నయ్," అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, ఒక వీడియో పెట్టి, నా ముందున్న బల్ల మీద పెట్టాడు. అందులో మాట్లాడుతున్నది నేనే. కంపెనీ పిల్లల్లో ఎవరో నా పాఠాన్ని రికార్డు చేశారు. అది ఊరూరా తిరిగి వేల్పూర్ గ్రూపుల్లోకి కూడా చేరింది.

"వేల్పూర్‌లో ఒక ఎర్ర అరుగు," అంటున్నాను నేను వీడియోలో. "అక్కడ బీడీలు చేస్తున్న ఒక ముసలమ్మకు కత్తెర అందించాను. తీసుకోబోయి, నా కాలు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. పొద్దున్నే ఎదురు రాకురా అంది. ఆ రోజే అనుకున్నాను, ఇదే ఊరు నాకు ఎదురొచ్చి కుర్చీ వేసేలా చేస్తానని." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎంతసేపు వస్తాయో నాకు తెలుసు. ఆ కథ చెప్పినప్పుడల్లా వస్తాయి.

"గా ఎర్ర అరుగు మాదే గదనే," అన్నాడు భూమేష్.

వీడియో ఆపేశాను. "అవ్వ విన్నదా?" అని అడిగాను.

"విన్నది. ఇంకోసారి వెట్టుమన్నది. రెండోసారి గూడ విని, 'అప్పటికి నాకు నెత్తిల ఒక్క తెల్ల ఎంటిక లేదు, నన్ను ముసల్దాన్ని జేసిండేందిరా' అన్నది."

అతను కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. కోపంగా ఉన్న మనిషిని చల్లబరచడం నా వృత్తిలో భాగం. పోతూ పోతూ, వాళ్ళ అమ్మ పంపిన కబురు ఒకటి చెప్పి వెళ్ళాడు. దాని సంగతి చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు ఆ అరుగు మీద నిజంగా జరిగింది చెప్పాలి.

మా అమ్మ కూడా బీడీలే చేసేది. మా ఇంట్లో తెల్లవారడమంటే తడి గోనెసంచి విప్పిన వాసన. రాత్రి నానబెట్టి చుట్టిన తునికాకు మెత్తబడి, అడవిలో వాన కురిసినట్టు గది నిండా కమ్ముకునేది. దాని వెనకే తంబాకు ఘాటు. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, గోడకు ఆనుకుని, ఆకు కత్తిరిస్తూనే మమ్మల్ని నిద్రలేపేది, అన్నం పెట్టేది, కోప్పడేది. కత్తెర చప్పుడు ఆగిందంటే ఎవరో ఇంటికి వచ్చారని అర్థం. నాకు ఒక పని మాత్రం ప్రత్యేకంగా నేర్పింది. మా వాడలో ఎవరైనా బొంబాయి మీదుగా దుబాయ్‌కో మస్కట్‌కో బయల్దేరే పొద్దున, జీపు చప్పుడు వినగానే, "సాయిలూ, లోపటికి రా బిడ్డా, గీ దారం చిక్కువడ్డది, జర తియ్యి," అని పిలిచేది. దారం చిక్కుపడి ఉండేది కాదు. కుంటివాడు ఎదురైతే పోయే మనిషికి కలిసి రాదని అందరి నమ్మకం. జీపు పోయేదాకా చిక్కులేని దారాన్ని వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. అమ్మ నన్ను దాచింది నేనంటే సిగ్గుపడి కాదు. ఎవరో నోరు జారితే ఆ మాట నా చెవిన పడకూడదని. కానీ దాచగా దాచగా నాకు దాక్కోవడం అలవాటైంది. పెద్దయ్యాక పిలిచేవాళ్ళు లేకపోయినా, నాకు నేనే ఏదో ఒక దారం చిక్కు వెతుక్కునేవాణ్ణి.

పదో తరగతి అయ్యాక మేనమామ ఒకాయన, ఆసరాగా ఉంటుందని, బీడీ కత్తెరల సంచి ఒకటి తెచ్చి నా మెడలో వేశాడు. ఒక సానరాయి కూడా. కత్తెర అమ్మాలి, పాతవాటికి సాన పట్టాలి. అలా ఎర్ర బస్సెక్కి మొదట దిగిన ఊరు వేల్పూర్. మగవాళ్ళు సగం మంది గల్ఫ్‌లో, ఆడవాళ్ళందరూ అరుగుల మీద. ఏ సందులో చూసినా కత్తెరలు కీచుకీచుమంటున్నాయి. నా సరుకుకు అంతకు మించిన ఊరు లేదు. అయినా ఆ మొదటిరోజు ఒక్కటీ అమ్ముడుపోలేదు. గడప గడపకూ నిలబడి, చేత్తో తొడను అదిమిపట్టి, బట్టీ పట్టిన మాటలు చెబుతుంటే, ఎవరూ తల ఎత్తకుండానే "ఏం వద్దు, పో" అన్నారు. మధ్యాహ్నానికి కాలు వణకడం మొదలైంది.

అప్పుడు వచ్చింది ఆ ఎర్ర అరుగు. జాజు ఎర్రమట్టితో అలికి, అంచులకు సున్నపు గీతలు వేసిన అరుగు. ఐదారుగురు ఆడవాళ్ళు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో ఉన్నామె పేరు లసుమవ్వ అని తర్వాత తెలిసింది. భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను సంచిలోంచి కొత్త కత్తెర తీసి ఆమెకు అందించాను. ఆమె చెయ్యి చాపబోయి, టక్కున వెనక్కి తీసుకుంది. పక్కన ఉన్నవాళ్ళు కూడా ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

నా కాలును చూసే జరిగారనుకున్నాను. కత్తెర సంచిలో వేసుకుని, వెనక్కి తిరిగి నడవబోయాను.

"ఏయ్ పిలగా, ఆగు. కత్తెర్లమ్మేటోనివి, గింత తెల్వదా?" అంది లసుమవ్వ. "కత్తెర చేతికియ్యరాదురా. కొట్లాటలైతయ్. కింద వెట్టు, నేను తీసుకుంట."

అరుగంతా నవ్వింది. "పొద్దుగాల నుంచి అందరి చేతులకే ఇస్తున్నవా?" అని అడిగింది ఒకామె. ఇస్తున్నాను. "ఇగ అందుకే వాడకట్టు వాడకట్టు మొత్తం కొట్టుకుంటున్నరు," అంది ఇంకొకామె. నేను కూడా నవ్వాను. కత్తెర కింద పెట్టడానికి వంగబోతే కాలు ఆనలేదు, పడబోయాను. లసుమవ్వ లోపలికి కేకేసి పీట తెప్పించింది.

"నిలవడి మాట్లాడేటోన్ని నిలవెట్టే పంపుతరు పిలగా. ముందు కూసో. నీళ్ళు తాగు. అమ్ముడు సంగతి దేవుడెరుగు, ముందుగాల మా కత్తెర్లకు సాన వట్టు."

నేను పిల్లలకు చెప్పే పాఠం ఇదే. ఇన్నేళ్ళుగా నా తెలివని చెప్పుకుంటున్న మాట, మాటకు మాట, ఆమెది. ఆ రోజు ఆ పీట మీద కూర్చుని అందరి కత్తెరలకూ సాన పట్టాను. సాయంత్రానికి సంచి సగం ఖాళీ అయింది. కత్తెర కింద పెట్టడం, వాళ్ళు తీసుకోవడం, డబ్బులు మాత్రం చేతికే ఇవ్వడం. "పైసలు చేతికిస్తె కొట్లాట గాదా అవ్వా?" అని అడిగితే, "గది ఇయ్యకపోతె అయితది," అంది.

తర్వాత రెండేళ్ళు వారానికోసారి ఆ అరుగు మీదే నా దుకాణం. ఊరంతా కత్తెరలు తెచ్చి అక్కడ పెట్టేవారు. ఆ రెండేళ్ళలోనే "కుంటి సాయిలు" పోయి "కత్తెర్ల సాయిలు" అయ్యాను. ఒక మనిషి పేరు ముందు అవయవం పోయి సరుకు వచ్చి చేరడం చిన్న సంగతి కాదు. లసుమవ్వ మాట్లాడుతూనే చుట్టేది. ఆమె వేళ్ళు చూడకుండానే ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేవి. మాటకు మాట జోడించడంలో ఆ సందులో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ ఎవరింట్లో పెళ్ళి జరిగినా, ఎవరు ఊరికి బయల్దేరినా, ఆమె తలుపు వెనకకు వెళ్ళిపోయేది. నేను సందు వెనక్కి తప్పుకునేవాణ్ణి. పొద్దున ఎనిమిది దాటనిదే వేల్పూర్ సందుల్లో అడుగు పెట్టేవాణ్ణి కాను. ఆ నియమం నాకు ఎవరూ పెట్టలేదు. నేను పెట్టుకున్నాను. మంచి సేల్స్‌మన్‌కు ఎప్పుడు కనిపించాలో కన్నా ఎప్పుడు కనిపించకూడదో తెలియాలని నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా.

భూమేష్‌కు దుబాయ్ వీసా వచ్చింది. బయల్దేరే ముందురోజు సాన పడుతుంటే లసుమవ్వ అంది: "రేపు పొద్దుగాల నా కొడుకు పోతుండు. నువ్వు ఎదురు రావాలె."

పరిహాసమనుకున్నాను. "ఎందుకవ్వా, పోయినోడు మళ్ళ రావద్దనా?"

"నవ్వకురా. నిజంగనే అంటున్న."

పక్కన కూర్చున్న ఆమె తోడికోడలు కత్తెర ఆపేసింది. "ఏందక్కా, గాయన్ని ఎదురు రమ్మంటున్నవా?"

"కత్తెర సాన వట్టనీకి వస్తె మంచోడు, ఎదురొస్తె చెడ్డోడా?" అంది లసుమవ్వ. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. "నా కొడుకు పోతుంటె నన్ను తలుపెనుక ఉండుమంటరు. నిన్ను సందెనుక ఉండుమంటరు. నువ్వు ముందట నడిస్తె నీ ఎనుక నేనొస్త. ఇద్దరం గల్సి పోతె ఎవలేమంటరో సూద్దాం."

వస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మర్నాడు మొదటి బస్సుకే వేల్పూర్‌లో దిగాను. చలి. బస్టాండు దగ్గర మక్కజొన్న కుప్పల మీద మంచు పడి ఉంది. సందు మొగలో జీపు ఆగి ఉంది, ఇంటి ముందు జనం కనిపించారు. అక్కడికి నాలుగడుగులు. అంత దూరంలో మూసి ఉన్న చాయ్ డబ్బా కొట్టు వెనక నిలబడిపోయాను.

నాకు భయం వేసింది దేవుడంటే కాదు. అక్కడ భూమేష్‌కు ఏమైనా అయితే, జ్వరం వచ్చినా, పని దొరకకపోయినా, నా పేరు చెబుతారు. ఒక్క సందు కాదు, వేల్పూర్ మొత్తం పోతుంది. ఇప్పుడిప్పుడే కత్తెర్ల సాయిలునైన నేను మళ్ళీ కుంటి సాయిలునైపోతాను. అది లెక్క. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ లెక్కలో లసుమవ్వ లేదు.

జీపు డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఇంకెవరి కోసం చూస్తున్నరు? రైలు అందదు," అని అరిచాడు. డబ్బా పక్కనుంచి తొంగి చూశాను. గుమ్మంలో లసుమవ్వ నిలబడి, సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తోంది. మళ్ళీ హారన్ మోగింది. ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు వెనకకు చేరింది. తోడికోడలు నీళ్ళ బిందెతో ఎదురు వచ్చింది. భూమేష్ తలుపు వైపు తిరిగి చూసి జీపెక్కాడు. ఆ జీపు నా ముందు నుంచే పోయింది. అతను నన్ను చూశాడో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

ఎనిమిది దాటాక అరుగు దగ్గరికి వెళ్ళాను. "బస్సు ఫెయిలైంది అవ్వా, నడుమల ఆగిపోయింది," అని చెప్పాను. చెప్పేశాక చూశాను, అదే బస్సులో నాతో వచ్చిన ఒకామె అక్కడే కూర్చుని ఉంది. ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. లసుమవ్వ లేచింది. పీట వేసింది. "కూసో. నీళ్ళు తాగుతవా?" అంది. నీళ్ళు తాగాను. అంత కష్టంగా నీళ్ళు ఎప్పుడూ తాగలేదు.

ఆ తర్వాత వేల్పూర్‌కు వెళ్ళడం మెల్లగా తగ్గించాను. పోచంపాడ్ లైను పట్టుకున్నాను. కత్తెరల నుంచి కుక్కర్లకు, కుక్కర్ల నుంచి మందు కొట్టే పంపులకు, అక్కడి నుంచి టార్పాలిన్లకు వచ్చాను. ఎక్కడైనా మొదట కుర్చీ అడిగాను, నీళ్ళు తాగాను, సరుకు కింద పెట్టాను. మూడు చక్రాల స్కూటరు వచ్చింది, కింద పిల్లలు పనిచేసే స్థాయి వచ్చింది. ఎవరో ఒకరోజు, "సార్, మీ మొదటి అనుభవం చెప్పండి," అని అడిగారు. ఆదరించిన కథ చెబితే జనం తల ఊపుతారు. అవమానించిన కథ చెబితే చప్పట్లు కొడతారు. గిరాకీ దేనికుందో చూసి ఆ సరుకే చూపించడం నాకు అలవాటు. మొదటిసారి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుందని చెప్పి ఆపేశాను. కత్తెర సంగతి చెప్పలేదు, అంతే. ఆ తర్వాతి ఏడాది "ఎదురు రాకు" అన్న మాట వచ్చి చేరింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. రమ్మన్న మనిషే రావద్దన్నదని చెబితే, నేను ఆ పొద్దున వెళ్ళకపోవడం తప్పు కాకుండా పోతుంది.

ఇక భూమేష్ తెచ్చిన కబురు. అతని కూతురు శిరీష నర్సు చదివింది. దుబాయ్‌లో ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది. "గురువారం పొద్దుగాల పోతది. సాయిలును ఎదురు రమ్మన్నది అమ్మ," అన్నాడు గుమ్మంలో నిలబడి. "బస్సు ఫెయిలైతదేమో, బండి మీద రమ్మను అన్నది."

గురువారం తెల్లవారకముందే బయల్దేరాను. దారి పొడుగునా పొలాల్లో మా కంపెనీ టార్పాలిన్ల మీద పసుపు ఆరబోసి ఉంది. ఆ పొద్దున అవి నాకు గర్వంగానే కనిపించాయి. వేల్పూర్ సందుకు సిమెంటు రోడ్డు వచ్చింది. ఇళ్ళకు గల్ఫ్ రంగులు వచ్చాయి. ఒక్క గుమ్మంలో మాత్రమే కత్తెర చప్పుడు వినిపించింది. మిగతా గుమ్మాల్లో ఫోన్లు మాట్లాడుతున్నాయి. ఎర్ర అరుగు లేదు. దాని చోట నున్నటి టైల్స్ మెట్లు. వాటి ముందు తెల్ల కారు, డిక్కీలో పెద్ద సూట్‌కేసు. ఎదురు రావడంలో ఉన్న మంచీ చెడూ ఇప్పుడెవరు నమ్ముతున్నారో నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు నన్ను చూసి మొహాలు చూసుకున్నారు. నమ్మకాలు సిమెంటు కింద అంత తొందరగా పోవు.

స్కూటరు మీదే ఎదురు వెళ్ళవచ్చు. కానీ సందు మొగలో దిగాను. కర్ర తీసుకుని, చేత్తో తొడను అదిమి, రోడ్డు నడిమధ్యలో నడిచాను. శిరీష నన్ను చూసి నవ్వి, వంగి కాళ్ళకు దండం పెట్టింది. రెండు కాళ్ళకూ.

"మంచిగ పోయి రా బిడ్డా. పోయినకాడ ముందుగాల కూసో. తర్వాత మాట్లాడు," అన్నాను. నాకు వచ్చిన దీవెన అదొక్కటే.

గుమ్మంలో లసుమవ్వ నిలబడి ఉంది. బాగా చిన్నదైపోయింది. వేళ్ళు మాత్రం అలాగే, ఖాళీగా ఉన్నా ఏదో చుడుతున్నట్టు కదులుతున్నాయి. నేను మాట్లాడాలని నోరు తెరిచాను. దారంతా తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"జర ఆలిశం జేసినవ్ పిలగా," అంది. "ఇగ నడువు. నీ ఎనుక నేనొస్తనన్న గదా."

"అవ్వా, ఆ రోజు బస్సు..."

"నాకెర్కలేదా? డబ్బా ఎనుక నీ సంచి కనవడ్డది."

ఆమె మెట్టు దిగడానికి కాలు చాపి, ఆ నున్నటి టైల్స్‌ను చూసి ఆగిపోయింది. నేను మెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి తొడ మీద. ఏం చేయాలో తెలియక, పాత అలవాటుగా కర్రను ఆమె అందుకునేలా మెట్టు మీద ఆనించబోయాను.

లసుమవ్వ నవ్వింది. చెయ్యి చాపింది.

"చెయ్యియ్యిరా. కత్తెర గాదు గదా."